ఆడపిల్లకు చెప్పని వడగం

మా వంటింట్లో అందరూ అబద్ధాలు చెప్తారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అనుమానం. ఇప్పుడు మనవలున్నదాన్ని, మదురైలో బడిపిల్లలకు తమిళం చెప్పి రిటైరై కూర్చున్నదాన్ని, అయినా ఆ అనుమానం నన్ను వదల్లేదు. మొన్న పంగుని మాసంలో, మార్చి నెలాఖరున, మా అన్న కూతురు సుధ కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసింది. "అత్తా, మన ఇంటి వంటలన్నీ పోగుచేసి పుస్తకం వేస్తుండాను. కులదైవం కోవెల్లో అందరం కలిసేటప్పుడు ఇంటింటికీ ఒకటి ఇయ్యాలని" అంది. నాకు మొదట కలిగింది సంతోషం కాదు. ఈ పిల్లకు ఉన్నట్టుండి వంటల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందా అనుకున్నాను. ఆఫీసులో పెద్ద ఉద్యోగం, ఇంట్లో వంటమనిషి. పైగా కోయంబత్తూరులో ఏది కంటబడినా పొట్లం కట్టి అమ్మేవాళ్ళకు కొదవలేదు. "పుస్తకమేనా, ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగాను. "నీ బుద్ధి మారదత్తా" అని నవ్వింది. నవ్వింది కానీ జవాబు చెప్పలేదు, అది నేను గమనించాను.

మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. తెలుగు అక్షరాలు నేను రిటైరయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి. అందుకని రెండు భాషల్లోనూ వేసే ఆ పుస్తకంలో తెలుగు భాగం నన్ను చూడమంది సుధ. వాట్సాప్ గ్రూపులో బంధువులు వంటలు పంపడం మొదలుపెట్టారు, నేను ఒక్కొక్కటీ కళ్ళజోడు సర్దుకుని చదివాను. దిండిగల్ చిన్నమ్మ ఉలవచారు పంపింది. ఉలవలు ఎట్లా ఉడకాలో వివరంగా చెప్పింది, ఉడికిన నీళ్ళను ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ నీళ్ళు లేకపోతే అది చారెట్లా అవుతుంది? పెరియకుళంలో నా తోడికోడలు ఆవకాయకు 'కారం కావలసినంత, నూనె కావలసినంత' అని ముగించింది. ఆమె చెయ్యి కారం కొలవకుండా వెయ్యడం నేను ఏనాడూ చూడలేదు. 'కావలసినంత' అన్న మాట కనబడితే చాలు, అక్కడేదో దాచిపెట్టారని నాకు అనిపిస్తుంది. ఎవరూ పూర్తిగా చెప్పలేదు. అందరూ సంతోషంగా చెప్పారు, చివర్న దండం బొమ్మలు పెట్టారు, తలా ఒకటి మింగేశారు. గ్రూపులో అసలు రానిది ఒక్కటే, మా ఇంటి తాళింపు వడగం.

వడగం అంటే నంజుకు తినే వడియం కాదు. చిన్నెర్రగడ్డలు, అంటే సాంబారు ఉల్లిపాయలు, తెల్లగడ్డలు కచ్చాపచ్చాగా దంచి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, జీలకర్ర, కరివేపాకు, పసుపు, ఉప్పు కలిపి, ఉండలు కట్టి ఎండబెడతారు. సాయంత్రానికి ఆ ఉండలను చిదిపి మళ్ళీ కలిపి మళ్ళీ కడతారు. రోజు రోజుకూ అవి చిన్నవై, నల్లబడి, ఆముదం పట్టించాక మెరుస్తాయి. అందులోంచి చిటికెడు తుంచి కాగిన నూనెలో వేస్తే ఆకుకూరైనా పులుసైనా వీధి చివరిదాకా తెలుస్తుంది. మా ఊరు వాడిపట్టి దాటి లోపలికి, సిరుమలై కొండ కనబడే దిక్కున ఉంటుంది. పంగుని ఎండ ముదిరిందంటే అక్కడ మా ఇంట్లో వేరే పని ఉండేది కాదు. నాయన సంతలో గడ్డలు మూటగా కొనుక్కొచ్చి వసారాలో కుమ్మరించేవాడు. అమ్మ, అవ్వ, ఆ తర్వాత వచ్చిన మా వదిన, అంటే సుధ వాళ్ళమ్మ, చుట్టూ కూర్చుని పొద్దస్తమానం ఒలిచేవాళ్ళు. కళ్ళ నీళ్ళు కారుతుంటే అవ్వ వాటిని మోచేత్తో తుడుచుకుని, చచ్చిపోయినవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకుని నిజంగానే ఏడ్చేసేది. ఏడుపు ఎటూ వస్తోంది కదా, దాన్ని వృథా చెయ్యడం ఎందుకని ఆమె ఉద్దేశం. ఒక్క తాతను మాత్రం తలుచుకునేది కాదు. ఆయన మీద ఆమెకు ఇంకా కోపం తీరలేదని అమ్మ చెప్పేది.

నా పని కాకుల్ని తోలడం. మిద్దె మీద పాత పంచె పరిచి, దాని నిండా ఉండలు పేర్చి, నన్ను ఒక నల్ల గొడుగు కింద కూర్చోబెట్టేవాళ్ళు. గచ్చు కాలేది. గడ్డల వాసన మొదటి రోజు ముక్కు పగలగొట్టేది, రెండో రోజు కుళ్ళినట్టుండేది, ఆ తర్వాత మెల్లగా ఆకలి పుట్టించే వాసనగా మారేది. ఆ మార్పు ఎప్పుడొస్తుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది. ఒలవడం నాకు తెలుసు, దంచడం తెలుసు, ఉప్పు సరిపోయిందో లేదో అవ్వ అరచేతి మీద వేసుకుని నాలుకతో చూడడం తెలుసు. చివరి సాయంత్రం మాత్రం నాకు తెలియదు. ఆముదం పట్టించి ఆఖరుసారి ఉండలు కట్టే ఆ సాయంత్రం, వాళ్ళు అన్నీ కిందికి దించి లోపలి గదిలో పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసేవాళ్ళు. సరిగ్గా అప్పుడే అమ్మకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. "పాపా, దూడ తాడు తెంపుకున్నిందేమో చూసిరా పో" అనేది. ఇంకో సంవత్సరం, "పక్కింటి అక్కని అడిగి కొంచెం మోరు తీసుకురా" అనేది. మా ఇంట్లో మజ్జిగ కుండ నిండుగా ఉండగానే. నేను పరుగెత్తుకుంటూ పోయి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. వచ్చేసరికి గడియ పడి ఉండేది.

"ఏమి వేసినారవ్వా?" అని అడిగితే అవ్వ వక్కాకు నములుతూ, "ఏమి వేస్తిమి? ఏముండాది మన దగ్గర దాచేదానికి?" అనేది. నమిలేటప్పుడు ఆమె మొహంలో ఏదీ కనబడదు. అమ్మ చేతులు వాసన చూసేదాన్ని. ఆముదం వాసన మిగిలినవన్నీ మింగేసేది. ఇంగువ అనుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత అవ్వ నశ్యం డబ్బీ మీద కూడా అనుమానపడ్డాను. వడగం కట్టిన మర్నాడు పొయ్యి గట్టు, రోలు పక్క, చెత్తబుట్ట వెతికేదాన్ని, ఏ పొట్టో పీచో దొరుకుతుందని. ఒకసారి వదిన నన్ను ఆ చెత్తబుట్ట దగ్గర పట్టుకుంది. అప్పుడు ఆమె ఈ ఇంటికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఏమీ అనకుండా బుట్ట తీసుకుపోయి పెంటమీద పోసి వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషిని ఆ తలుపు లోపలికి రానిచ్చారు, అక్కడే పుట్టిన నన్ను దూడ దగ్గరికి పంపారు. ఆ రోజు నుంచి వదినతో నవ్వుతూ మాట్లాడినా, లోపల ఒక కన్ను ఆమె మీద పెట్టే ఉంచాను.

నన్ను పెరియకుళంలో మామిడితోటల వాళ్ళింటికి ఇచ్చారు. ప్రతి సంవత్సరం అమ్మ ఒక డబ్బా వడగం పంపేది. అత్తగారు దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి వాడుకునేది. ఒక ఏడు, డబ్బా రాకముందే నేనే చేద్దామని పూనుకున్నాను. నాకు తెలిసినవన్నీ, చూసినవన్నీ వేశాను. చూడడానికి అచ్చం అమ్మ వడగమే. తాళింపు వేశాక అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "బాగుండాది. కానీ మీ ఇంటిది కాదు" అంది. పుట్టింటికి పోయి అమ్మను నిలదీశాను. వెయిలు సరిగా తగిలుండదంది. మరుసటి ఏడు మంచి ఎండలో చేసి మళ్ళీ అడిగితే ఆముదం కల్తీ అంది. ఆ తర్వాతి ఏడు గడ్డలు నీళ్ళ గడ్డలంది. నిజం చెప్పే మనిషి ఒకే మాట చెప్తుంది కదా. అమ్మ ఏటా ఒక కొత్త మాట చెప్పింది, చెప్పేటప్పుడు నా మొహం వైపు చూసేది కాదు. అంత ప్రేమగా డబ్బా నింపి ఇచ్చే మనిషికి అందులో ఏముందో చెప్పడానికి నోరెందుకు రాదని ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా అనుకునేదాన్ని. అమ్మ పోయింది. అన్న కూడా పోయాడు. డబ్బా మాత్రం ఏటా వస్తూనే ఉంది, ఇప్పుడు వదిన పంపుతుంది.

"అమ్మని ఎన్నిసార్లడిగినా సుమ్మా మాట తప్పిస్తుందత్తా. నువ్వయితే ఆడబిడ్డవి, నీకు లేదనదు. పోయి కనుక్కో" అని సుధ నన్ను తోలింది. కూతురికే చెప్పలేదా అని కొంచెం ఊరట కలిగిన మాట నిజం. ఆ వారంలోనే బస్సెక్కాను. వదిన మిద్దె మీదే ఉంది. మోకాళ్ళు పట్టేసి చిన్న స్టూలు మీద కూర్చుని, చేతిలో కర్రతో కాకుల్ని తోలుకుంటోంది. పంచె మీద ఉండలు నల్లబడి ఉన్నాయి. వాసన చూసి ఆ రోజే ఆఖరని నాకు తెలిసిపోయింది.

"ఏమి పాపా, ఈ వెయిల్లో వచ్చినావు?" అంది. నాకు జుట్టంతా నెరిసినా ఆమెకు నేను పాపనే.

"సుమ్మానే, ఊరికే వచ్చినా వదినా, నిన్ను చూసి చాన్నాళ్ళాయె కదా."

"సుమ్మా ఎవురొస్తారు ఈ ఊరికి, ఈ ఎండలో?" అని నన్ను కింద నుంచి పైదాకా చూసింది. చేతిలోని ఫోన్ దగ్గర ఆమె చూపు ఆగింది. "అది ముందు సంచిలో పెట్టు. దానికి చెవులుండాయని నా కోడలు చెప్పింది."

ఫోన్ సంచిలో వేశాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఉండలు చిదిపాం. వదిన అడక్కుండానే అన్నీ చెప్తూ పోయింది. మెంతులు ఎక్కువైతే చేదు, పప్పు పొట్టుతో ఉండాలి, మొదటి రోజు ఊరిన నీళ్ళు పారబొయ్యకూడదు. అంతా నాకు తెలిసినదే. అంత ధారాళంగా చెప్తుంటేనే నాకు అనుమానం పెరిగింది. ఆమె చేతుల మీంచి నేను చూపు తిప్పలేదు, ఆమె నా కళ్ళ మీంచి చూపు తిప్పలేదు. బయటివాళ్ళెవరైనా చూస్తే ఇద్దరు ముసలివాళ్ళు చీట్లపేక ఆడుకుంటున్నారనుకునేవాళ్ళు. ఎండ వాలింది. వదిన ఆముదం గిన్నె దగ్గరికి లాక్కుంది. కొంగు ముడి మీద చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ, "పాపా, కిందికి పోయి ఒక చెంబు తన్నీ తెస్తావా?" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. "పోను" అన్నాను. "చిన్నప్పుడు దూడని చూసిరా పో అంటే పోయినా. మోరు తీసుకురా అంటే పోయినా. ఇంకా ఎన్నాళ్ళు నన్ను అంపిస్తారు వదినా? నేను ఈ ఇంట్లో పుట్టినదాన్ని. మా అమ్మ వడగంలో ఏముండాదో నాకు చెప్తే మీ సొమ్మేమి పోతుంది?" గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా లేచింది. పక్క మిద్దె మీద బట్టలు తీస్తున్న ఆమె ఆగి చూసింది.

వదిన కొంగు ముడి విప్పలేదు. ఆముదం గిన్నె పక్కకు జరిపింది. తర్వాత, "అవును. ఒకటుండాది" అంది. "మీ అమ్మే చెప్పింది, పాపకు చెప్పద్దని."

ఆ ఒక్క మాట కోసం జీవితమంతా ఎదురుచూశాను. లేదు, ఏమీ లేదు అన్న జవాబు తప్ప ఎవరూ ఇంకోటి చెప్పలేదు. నా అనుమానం నిజమేనని తేలినప్పుడు గెలిచినట్టుంటుందనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. "అంటే అమ్మ నన్ను నమ్మలేదు" అన్నాను.

"నమ్మేదానికి ఏముంది దీన్లో? నిన్ను నమ్మకనా బీరువా తాళం నీ చేతికిచ్చేది? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు తల్లి లేదు పాపా. మేనమామ సాకి, పెండ్లి చేసి అంపించినాడు. ఇక్కడ ఏది ముట్టుకున్నా నీదే. అత్త పక్కన పడక నీది, ఆమె పాత పట్టుచీర నీది, మీ అన్న పూలు తెస్తే ముందు నీకే. నేను ఓర్వలేక చెప్పడం లేదు, అట్లే ఉండింది. ఆ ఏడు పంగునిలో అత్త నన్ను లోపలికి పిలిచి తలుపేసింది. 'ఇది నీది. పాపకి కూడా లేదు' అంది. ఆ పొద్దు దాకా నేను ఈ ఇంట్లో సుట్టమే. నీకు ఇచ్చేదానికి ఆమె దగ్గర అన్నీ ఉండె. నాకు ఇచ్చేదానికి ఇంకేముండె, చెప్పు?"

నేను వెంటనే కరిగిపోలేదు. అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు. "మరి సుధకి?" అని అడిగాను.

"దానికీ చెప్పలే. అదే కదా నిన్ను తోలింది? నాకు తెలీదనుకున్నారా ఇద్దురూ?" అని మొదటిసారి నవ్వింది. "స్టెల్లాకి చెప్పేసినా, పోయిన ఏడే."

స్టెల్లా ఆమె కోడలు. దిండిగల్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆదివారం చర్చికి పోతుంది. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. "ఆమెకి తెలుగు కూడా రాదే వదినా!" అన్నాను. నా గొంతులోని ఉక్రోషం నాకే వినబడింది.

"తమిళంలో చెప్పినా. ఇంటికి వచ్చిన పిల్ల కదా. మనమంతా గడగడా తెలుగులో మాట్లాడుకుంటుంటే, పాపం మూలన కూర్చుని అందరి మొహాలూ చూస్తా ఉంటాది. నేనూ అట్లే కూర్చున్నా ఒకప్పుడు."

అమ్మ మీద కోపం అప్పటికీ పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా, కోడలి కోసం దాస్తున్నానని. చెప్తే నేను ఊరుకునేదాన్నా? ఊరుకునేదాన్ని కాదు. ముద్దు చేసో మారాం చేసో ఆ ఒక్కటీ లాక్కునేదాన్ని, అమ్మకు నేను తెలుసు. వదిన ఇంకా కొంగు ముడి మీద చెయ్యి తియ్యలేదు. నేను లాక్కుంటాననేమో. లేచి చీర దులుపుకుని, "తన్నీ తెస్తా" అని మెట్లు దిగాను.

కిందికి వచ్చి చెంబుతో నీళ్ళు ముంచి, మెట్ల మొదట్లో నిలబడ్డాను. నాలుగు మెట్లెక్కి తొంగిచూస్తే చాలు. పోయిన రోజుల్లో ఆ తలుపు సందుకు కన్ను ఆనించడానికి ఎన్ని పాట్లు పడ్డానో. మిద్దెకు తలుపు లేదు, గడియ లేదు. అయినా పైనుంచి చేతులు ఆముదంతో పిసికే చప్పుడు ఆగేదాకా నేను అక్కడే ఉన్నాను. మధ్యలో "పాపా, ఉండావా?" అని వదిన కేకేసింది. నేను ఎక్కివస్తున్నానేమోనని ఆమెకు అనుమానం. "కిందే ఉండాను, నువ్వు కానీ" అని బదులిచ్చాను.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని తిరుగు బస్సులో ఆలోచించాను. ఇప్పుడు మదురైలో ఏ సూపర్ మార్కెట్‌కు పోయినా వడగం ప్యాకెట్లో దొరుకుతుంది. వెనకవైపు ఏమేమి వేశారో చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. దాచేది లేదు, తలుపు వేసేది లేదు. కొని చూశాను, నోట్లో పెట్టుకునేట్టు లేదు. మా వంటింట్లో ఆడవాళ్ళు ఎండలో మాడి, కళ్ళ నీళ్ళు కార్చి చేసినదాన్ని అడిగినవాళ్ళందరికీ డబ్బాలతో పంచిపెట్టారు. చెప్పకుండా తమకంటూ ఉంచుకున్నది ఒక్కటే. అసలు ఆ ఒక్కటీ ఉందా, లేక కోడలిని లోపలికి పిలవడానికి అత్తలు కల్పించుకున్న మాటా అని కూడా వాడిపట్టి దాటాక ఒక అనుమానం వచ్చింది. వదిన కొంగులో నిజంగా ఏమన్నా ఉందో లేదో నేను చూడలేదు.

వడగం పేజీ నేనే రాసి సుధకు పంపాను. ఒలవడం, దంచడం, ఎండ, కాకులు, ఊరిన నీళ్ళు, అన్నీ రాశాను. చివర్న, 'ఆఖరి సాయంత్రం ఇందులో ఇంకొకటి పడుతుంది. అది ఈ ఇంటి కోడళ్ళకు తెలుసు' అని ముగించాను. ఆ పేజీ చేరీ చేరకముందే ఫోన్ మోగింది.

"అత్తా, ఏమి ఇది? ఆ ఇంకొకటి ఏమిటో చెప్పు."

"నాకు తెలీదు సుధా. మీ అమ్మ నన్ను కిందికి అంపించేసింది."

"పొద్దంతా పక్కనే కూర్చున్నావంట కదా, అమ్మ చెప్పింది. నీ కళ్ళు పడకుండా ఏదన్నా జరుగుతాదా? ఉలవచారులో నీళ్ళు తప్పిపోతే పట్టుకున్నదానివి!"

"నిజంగా తెలీదమ్మా."

"నీకు తెలుసు. తెలిసే దాస్తుండావు. నువ్వు కూడా వాళ్ళతో చేరిపోయినావత్తా."

ఎంత చెప్పినా ఆ పిల్ల నమ్మలేదు. ఒట్టు పెట్టుకోమంది. పెట్టుకుందామని నోరు తెరిచాను, ఎందుకో పెట్టుకోబుద్ధి కాలేదు. ఫోన్ పెట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో పుట్టి ఇన్నేళ్ళయింది. మా అమ్మ వంటింటి గుట్టు తెలిసిన మనిషినని నన్నొకరు అనుమానించడం ఇదే మొదటిసారి.